మూడు మెషీన్లు మూడు కొవ్వు శాతాలు చూపిస్తే ఏది నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. న్యూట్రిషనిస్టుగా ప్రాక్టీసు కొత్తగా మొదలుపెట్టారు. 68 కిలోల బరువున్న ఒకావిడ మీ దగ్గరికి వచ్చారు. ఇంట్లో ఎక్కి నిలబడే మెషీన్ ఆవిడకి 27 శాతం కొవ్వు అంది, జిమ్‌లో చేతులతో కూడా పట్టుకునే పెద్ద మెషీన్ 31 అంది, ఎక్స్‌రేలతో చేసే డెక్సా స్కాన్ 36 అంది. మూడూ నెల తిరక్కుండా చేయించుకున్నవే. "నాలో అసలు కొవ్వెంత?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. మీ ప్రాక్టీసుకి ఏ పరికరం కొనాలో కూడా తేల్చుకోలేకపోతున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మూడింటిలో డెక్సా నిజానికి ఎక్కువ దగ్గరగా ఉంటుంది, అయినా అదీ అంచనానే. మిగతా రెండూ పాడైపోయిన మెషీన్లేం కావు, వాటి లెక్క ప్రకారం అవి ఊహించి చెప్పాయి. ఒక మెషీన్ అంకెను ఇంకో మెషీన్ అంకెతో పోల్చకండి. ఎప్పటికీ. ఒకే మనిషిని ఒకే పరికరంతో, అవే పరిస్థితుల్లో మళ్లీ కొలిచి, తేడా ఎంత వచ్చిందో చూడటమే మన వృత్తిలో అక్కరకొచ్చే సమాచారం.

కొనాల్సినవి: నమ్మకమైన తూకం, గోడకు బిగించే ఎత్తు స్కేలు, సాగని సన్నటి టేపు, చర్మపు మడత మందం కొలిచే స్కిన్‌ఫోల్డ్ కాలిపర్, పిడికిలి పట్టు కొలిచే డైనమోమీటర్. వాటి తర్వాతే బీఐఏ మెషీన్, అంటే ఒంట్లోకి చిన్న కరెంటు పంపి కొలిచేది. అదీ వచ్చినవాళ్ల చేత కొలతకు ముందు నియమాలు పాటింపజేయగలను అన్న నమ్మకం మీకుంటేనే.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

బతికున్న మనిషి ఒంట్లో కొవ్వును నేరుగా తూచే సాధనం ఏదీ లేదు. అన్ని పద్ధతులూ వేరే ఏదో కొలుస్తాయి: ఒంటి సాంద్రత, కరెంటుకు ఎదురయ్యే అడ్డు, ఎక్స్‌రే ఎంత ఆగిపోయిందన్నది, చర్మపు మడత మందం. ఆ కొలతను ఒక సమీకరణంలో వేసి కొవ్వు శాతంగా మారుస్తాయి. తేడా వచ్చేది చాలావరకు ఆ మార్చడంలోనే.

పాత పద్ధతితో మొదలుపెడితే ఇది బాగా అర్థమవుతుంది. 1942లో అమెరికా నౌకాదళానికి చెందిన ఆల్బర్ట్ బెంకీ, ఆయన సహచరులు ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచారు. ఎత్తు బరువుల పట్టిక ప్రకారం వాళ్లలో చాలామంది అధిక బరువు కింద సైన్యానికి పనికిరానివాళ్లు. నీళ్లలో తూస్తే వాళ్ల ఒంట్లో కొవ్వు తక్కువని, బరువంతా కండదని తేలింది. బరువు వేరు, బరువులో ఏముందన్నది వేరు అని అంత స్పష్టంగా చూపించిన పని అంతకు ముందు లేదనే చెప్పాలి. నీళ్లలో తూస్తే తెలిసే ఒంటి సాంద్రతను కొవ్వు శాతంగా మార్చడానికి ఆ తర్వాత విలియం సిరి అనే శాస్త్రవేత్త సమీకరణం వచ్చింది: 495ను సాంద్రతతో భాగించి, అందులోంచి 450 తీసేస్తే కొవ్వు శాతం. కొవ్వు సాంద్రత 0.9, కొవ్వు కాని మిగతా ఒంటి సాంద్రత 1.1 అనేది దాని వెనకున్న ఊహ.

లెక్క వేసి చూడండి. సాంద్రత 1.05 అయితే 21.4 శాతం కొవ్వు. 1.04 అయితే దాదాపు 26. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె మారితే నాలుగున్నర శాతం తేడా! 70 కిలోల మనిషి ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలిని 100 మిల్లీలీటర్లు తప్పుగా లెక్కగట్టినా ఫలితం 0.7 శాతం పక్కకి పోతుంది. దీనికి తోడు ఆ 1.1 అందరికీ ఒకటి కాదు. ఎముక పలచబడ్డ వృద్ధులకు తక్కువ, పిల్లలకు తక్కువ, ఒంటికి నీరు పట్టినవాళ్లకు ఇంకా తక్కువ. నీటి బదులు గాలితో ఘనపరిమాణం కొలిచే బాడ్ పాడ్ లాంటి పెట్టెలు వచ్చి మునిగే బాధ తప్పించాయి గానీ, ఈ ఊహ మాత్రం అలాగే ఉంది.

డెక్సా సంగతి. రెండు వేర్వేరు శక్తుల ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి కణజాలం అని మూడుగా విడదీస్తుంది. చేతులు, కాళ్లు, మొండెం విడివిడిగా ఇస్తుంది, అదే దాని పెద్ద లాభం. రేడియేషన్ చాలా తక్కువ, ప్రకృతిలో మామూలుగా ఒక రోజులో మన మీద పడే దాని స్థాయిలోనే ఉంటుంది. అయినా గర్భిణులకు చేయం. కంపెనీ మారినా, ఒక్కోసారి అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారినా ఫలితం మారుతుంది. అందుకని రిపోర్టు మీద మెషీన్ మోడల్ రాసి ఉందో లేదో చూసుకోండి.

డెక్సాలో చాలామంది పొరబడేది "లీన్" అన్న గడి దగ్గర. లీన్ అంటే కండ అనుకుంటారు. అందులో కండతో పాటు కాలేయం, మూత్రపిండాలు, రక్తం, నీరు, అంతకు ముందే తాగిన లీటరు నీళ్లూ ఉంటాయి. కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక గ్రాము తనతో పాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు బాగా తగ్గించిన మొదటి వారంలో ఈ నిల్వ ఖాళీ అయి, "లీన్" కిలో పైనే పడిపోయినట్టు కనిపించవచ్చు. మనిషి కండ కరిగిపోయిందని బెంబేలెత్తిపోతాడు. కండ ఎక్కడికీ పోలేదు, నీళ్లు పోయాయి. కండ గురించే తెలుసుకోవాలంటే చేతులు, కాళ్ల లీన్ మాత్రం కూడి, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించి చూడండి. ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ, బలం తగ్గిపోవడం) వర్కింగ్ గ్రూప్ 2019లో ఇచ్చిన హద్దులు డెక్సాకి మగవాళ్లలో 7.0, ఆడవాళ్లలో 5.4. అంతకంటే తగ్గితే కండ తక్కువని.

ఇక బీఐఏ. మీరు అడిగిన మొదటి రెండు మెషీన్లూ ఇవే. ఒంట్లోకి చాలా చిన్న కరెంటు పంపుతాయి, సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషీన్లలో సాధారణంగా 50 కిలోహెర్ట్జ్, ఒక మిల్లీయాంపియర్ లోపు. లవణాలున్న నీటిలో కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. అడ్డు ఎంతొచ్చిందో, ఎత్తు ఎంతో చూసి ఒంట్లో మొత్తం నీరు ఎంతో ఊహిస్తుంది. కొవ్వు కాని ఒంట్లో నీరు 73 శాతం ఉంటుందని అనుకుని, ఆ నీటిని 0.73తో భాగిస్తుంది. వచ్చినదాన్ని బరువులోంచి తీసేస్తే మిగిలింది కొవ్వు. గమనించారా, ఈ మెషీన్ కొవ్వు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పైన ఏ మెట్టులో తప్పు జరిగినా ఆ తప్పంతా చివర్లో కొవ్వు ఖాతాలో పడుతుంది.

70 కిలోల మనిషిలో 36 లీటర్ల నీరుందని మెషీన్ లెక్కగట్టింది అనుకోండి. కొవ్వు 29.5 శాతం వస్తుంది. అదే మనిషి ఒక లీటరు నీరు కోల్పోయి 69 కిలోలతో మళ్లీ ఎక్కితే 35 లీటర్లు, కొవ్వు 30.5 శాతం. ఒక గ్రాము కొవ్వు కూడా పెరగకుండానే శాతం ఒకటి పెరిగింది. వ్యాయామం చేసిన వెంటనే ఎక్కితే చర్మం వేడిగా ఉండి, రక్తప్రసరణ పెరిగి, అడ్డు తగ్గి, ఫలితం ఇంకో దిక్కుకి కూడా పోవచ్చు. ఎటు పోతుందో ముందే చెప్పలేం, అదీ తలనొప్పి.

ఇంటి మెషీన్‌కి, జిమ్ మెషీన్‌కి తేడా ఎందుకంటే, కాళ్లు మాత్రమే పెట్టేదాంట్లో కరెంటు ఒక కాలులోంచి ఎక్కి ఇంకో కాలులోంచి దిగిపోతుంది. నడుము పైభాగాన్ని దాదాపు చూడదు, మిగతాది సమీకరణం పూరిస్తుంది. చేతులు కూడా పట్టుకునేది కొంత నయం. అయినా మొండెం ఒంటి బరువులో సగం దాకా ఉండి, వెడల్పుగా, పొట్టిగా ఉండటం వల్ల మొత్తం అడ్డులో పదో వంతు వాటా మాత్రమే ఇస్తుంది. సన్నగా, పొడుగ్గా ఉండే చేతులు కాళ్లదే పెత్తనం. అంటే మనకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టించే పొట్ట దగ్గరి కొవ్వే ఈ మెషీన్లకు అన్నిటికంటే తక్కువ కనిపిస్తుంది. ఇంటి మెషీన్‌లో "అథ్లెట్" మోడ్ నొక్కి చూడమనండి, నిలబడ్డ చోటే కొవ్వు శాతం గబుక్కున తగ్గుతుంది. సమీకరణం మారింది, అంతే.

బీఐఏ వాడొద్దని చెప్పడం లేదు. నేనూ వాడతాను. కానీ ఇలా: ఉదయం పరగడుపున, కుదరకపోతే కనీసం నాలుగు గంటలు ఏమీ తినకుండా. ముందు రోజు నుంచి మద్యం లేదు, 12 గంటలు గట్టి వ్యాయామం లేదు. మూత్రానికి వెళ్లి రావాలి. ఎలక్ట్రోడులు అతికించే రకమైతే ఐదు నుంచి పది నిమిషాలు వెల్లకిలా పడుకున్నాకే మొదలుపెడతాను, ఎందుకంటే నిలబడినప్పుడు కాళ్లలో చేరిన నీరు సర్దుకోవాలి. చేతులు ఒంటికి తగలకూడదు, తొడలు ఒకదానికొకటి తగలకూడదు. లావుగా ఉన్నవాళ్లకు మధ్యలో మడిచిన పొడి గుడ్డ పెడతాను. నెలసరి తేదీ రాసుకుంటాను. పేస్‌మేకర్ లాంటి పరికరం గుండెలో ఉంటే అసలు చేయను, గర్భిణులకూ చేయను.

మెషీన్ ఇచ్చే శాతం కంటే లోపల దాగి ఉండే అసలు అంకెలు, అంటే రెసిస్టెన్స్ (ఒంట్లోని నీరు కరెంటుకు పెట్టే అడ్డు), రియాక్టెన్స్ (కణాల పొరల వల్ల వచ్చే అడ్డు) రాసుకోండి. మంచి మెషీన్లు అడిగితే చూపిస్తాయి. ఆ రెంటి నిష్పత్తి నుంచి వచ్చే కోణం, ఫేజ్ యాంగిల్‌కి బరువుతో, ఎత్తుతో, ఏ సమీకరణంతోనూ పని లేదు. రెసిస్టెన్స్ 500, రియాక్టెన్స్ 50 ఓమ్‌లు అయితే ఫేజ్ యాంగిల్ 5.7 డిగ్రీలు. దీర్ఘకాల జబ్బుతో నీరసించినవాళ్లలో ఇది పడిపోతూ ఉంటుంది, కోలుకుంటే మెల్లగా పెరుగుతుంది. నా లెక్కలో బీఐఏ ఇచ్చే వాటన్నిటిలోకి విలువైనది ఇదే. "మెటబాలిక్ ఏజ్ 47" అని ప్రింటు కొట్టే గడిని మాత్రం పెన్నుతో కొట్టేసి ఇస్తాను. ఊహించిన శక్తి ఖర్చును ఏ వయసువాళ్ల సగటుతోనో పోల్చి చెప్పే అంకె అది, దానివల్ల టెన్షన్ తప్ప ప్రయోజనం లేదు.

కాలిపర్ గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు దీన్ని పాత సామాను అనుకుని వదిలేస్తారు. చేయి తిరిగితే ఇంత చవకలో ఇంత నిలకడగా కొలిచే సాధనం ఇంకోటి లేదు. చేయి తిరక్కపోతే ఇంత చెత్త అంకెలిచ్చేదీ ఇంకోటి లేదు.

జబ్బ వెనక మడతనే తీసుకోండి. కుడి చేయి. భుజం చివరి ఎముక అంచు నుంచి మోచేతి ఎముక దాకా టేపు పెట్టి సరిగ్గా మధ్యన పెన్నుతో గుర్తు పెట్టండి. కంటి అంచనాతో పెట్టకండి, సెంటీమీటరు పక్కకి జరిగితే మిల్లీమీటర్లలో తేడా వస్తుంది. చేయి వదులుగా వేలాడాలి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలుతో గుర్తు దగ్గర చర్మాన్నీ, దాని కింది కొవ్వునూ కలిపి పట్టుకుని పైకి లాగండి. కండ కూడా వచ్చిందేమోనని అనుమానం వస్తే చేయి ఒకసారి బిగించమనండి, కండ అయితే వేళ్ల మధ్య నుంచి జారిపోతుంది. వేళ్లకు ఒక సెంటీమీటరు దూరంలో కాలిపర్ దవడలు పెట్టండి. మీట పూర్తిగా వదిలేయండి, మడతను మాత్రం ఎడమ చేత్తో పట్టుకునే ఉండండి. రెండు సెకన్లు అవగానే చదవండి. కాలిపర్ చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడి పెడుతూనే ఉంటుంది, ఆలస్యం చేస్తే కొవ్వు నలిగి ముల్లు దిగిపోతూ ఉంటుంది. ముల్లు ఎక్కడ ఆగుతుందా అని ఎదురుచూసేవాళ్లకు ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఒకే చోట వెంటవెంటనే రెండోసారి కొలవకండి. అన్ని చోట్లా ఒక రౌండు పూర్తిచేసి, మళ్లీ మొదటికి రండి. రెంటికీ ఐదు శాతం మించి తేడా ఉంటే మూడోసారి తీసి నడిమి అంకె రాయండి. స్నానం చేసి వచ్చిన వెంటనే, లోషను రాసుకున్నప్పుడు, వ్యాయామం అయ్యాక కొలవొద్దు.

ఇప్పుడు అసలు మాట. మిల్లీమీటర్లను శాతంగా మార్చకండి. డర్నిన్, వోమర్స్‌లీ 1974లో ఇచ్చిన నాలుగు చోట్ల సమీకరణం ఒకటుంది. జాక్సన్, పొలాక్ 1978లో మగవాళ్లకు ఒకటిచ్చారు, 1980లో ఆడవాళ్లకు ఒకటి వచ్చింది. ఒకే మనిషిని రెండు సమీకరణాల్లో వేస్తే రెండు శాతాలు వస్తాయి, మీరు మళ్లీ ఇవాళ్టి ప్రశ్న దగ్గరికే వస్తారు. మడతలన్నీ కూడి, "పోయినసారి నాలుగు చోట్లా కలిపి 96 మిల్లీమీటర్లు, ఇప్పుడు 81" అని చెప్పండి. అందులో ఊహ ఏదీ లేదు. వచ్చినవాళ్లకీ శాతం కంటే ఇదే త్వరగా అర్థమవుతుంది, ఎందుకంటే మడత వాళ్ల కళ్ల ముందే ఉంది.

కాలిపర్‌కి రెండు పరిమితులున్నాయి. కడుపు లోపల అవయవాల చుట్టూ ఉండే కొవ్వు దానికి అందదు. బాగా లావుగా ఉన్నవాళ్లలో దవడలు మడతకి చాలవు, అలాంటప్పుడు ప్రయత్నించి వాళ్లను చిన్నబుచ్చకుండా టేపు తీసుకోండి. ఇంకో మాట, చేయి వేసే ముందు ఎక్కడెక్కడ పట్టుకుంటానో చెప్పి, సరేనంటేనే మొదలుపెట్టాలి. ఆడవాళ్లకు ఆడవాళ్లు కొలవడమో, పక్కన ఒకరు ఉండటమో ఏర్పాటు చేసుకోండి.

టేపు పని తక్కువ మాటల్లో. నడుము చుట్టుకొలత ఎక్కడ కొలవాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి: చేతికి తగిలే చివరి పక్కటెముకకీ, తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్య. మామూలుగా ఊపిరి వదిలిన చివర్లో. బొడ్డు దగ్గర కొలవడం తేలికే గానీ పొట్ట జారినవాళ్లలో బొడ్డు కూడా జారుతుంది. దక్షిణాసియా వాళ్లకు మగవాళ్లలో 90, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్ల హద్దు వాడతారు. నాకు ఇంకా నచ్చేది: నడుము ఎత్తులో సగం దాటకూడదు. ఇది పట్టిక చూడకుండా ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు.

బీఎంఐని, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకెను, తిట్టడం ఈమధ్య ఫ్యాషన్ అయింది. ఆ సూత్రం క్వెట్లే అనే బెల్జియం గణాంకవేత్త 19వ శతాబ్దంలో జనాభా లెక్కల కోసం వాడినది, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ బృందం పెట్టింది. ఒక్క మనిషిలో కొవ్వెంతో చెప్పడానికి అది పుట్టలేదు. అయినా మొదటి జల్లెడగా పనికొస్తుంది. ఆసియా వాళ్లలో అదే బీఎంఐకి సగటున కొవ్వు ఎక్కువ ఉంటుందనే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 23, 27.5 దగ్గర అదనపు హెచ్చరిక గీతలు గీసింది.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరి సంగతి చెప్తే పరికరం ఎంచుకోవడం ఎలాగో తెలుస్తుంది.

ఒక యువకుడు బీఎంఐ 28తో వచ్చాడు, హెల్త్ చెకప్‌లో బరువు తగ్గమన్నారట. ఏళ్లుగా బరువులెత్తుతున్నాడు. నడుము ఎత్తులో సగానికి బాగా లోపల, మడతలు పలచగా ఉన్నాయి. డెక్సా అక్కర్లేదు, టేపు, కాలిపర్‌తోనే తేలిపోయింది. బరువు తగ్గించే ప్లాన్ ఇవ్వలేదు.

దానికి తలకిందులు కేసు ఒకావిడది. ఎత్తు 154, బీఎంఐ 22 లోపు. "నువ్వు సన్నగానే ఉన్నావుగా" అని అందరూ అన్నవాళ్లే. నడుము 86, అంటే ఎత్తులో సగం దాటి చాలా దూరం. రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ అప్పటికే హద్దు దాటింది. చేతులు, కాళ్లు సన్నం, కండ తక్కువ, కొవ్వంతా నడుము దగ్గర. ఇలాంటివాళ్లకు తిండి తగ్గించమని చెప్పడం సగం పనే, ఉన్న కాస్త కండా పోతుంది. ప్రోటీను పెంచి, బరువులతో వ్యాయామం మొదలుపెట్టించి, నడుమునీ పిక్క చుట్టుకొలతనీ కలిపి చూస్తూ వచ్చాం.

ఒక పెద్దాయన ఏడాదిగా బరువు ఒక్క కిలో మారలేదని సంతోషంగా చెప్పారు. ప్యాంటు నడుము దగ్గర బిగువు, తొడల దగ్గర వదులు. పిక్క చుట్టుకొలత 31.5 సెంటీమీటర్లు, పిడికిలి పట్టు 22 కిలోలు. మగవాళ్లలో పిక్క 34 కంటే, పట్టు 28 కంటే తక్కువైతే అనుమానించాలని పైన చెప్పిన ఆసియా బృందం హద్దులు. ఆడవాళ్లకు 33, 18. బరువు కదలకపోయినా లోపల కండ పోయి కొవ్వు చేరుతోందన్నమాట. డాక్టరు దగ్గరికి పంపి, కారణాలు చూడమన్నాను. కొవ్వు శాతం మెషీన్ కంటే ముందు డైనమోమీటర్ కొనమన్నది ఇందుకే. పట్టు అనేది కండ ఎంత ఉందన్నదే కాకుండా పనిచేస్తోందా అన్నది కూడా చెబుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కాలేయ జబ్బుతో పొట్టలో నీరు చేరినవాళ్లు వస్తే బరువునీ, బీఎంఐనీ, మామూలు బీఐఏ శాతాన్నీ పక్కన పెట్టండి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా చూడండి. ఒంట్లో చేరిన నీటిని బీఐఏ "కండ పెరిగింది" అని చూపిస్తుంది, మనిషి ఎండిపోతున్నా. వీళ్లలో నేను డయాలసిస్ అయ్యాక, ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) లేని చేతికి జబ్బ చుట్టుకొలత, వెనక మడత తీస్తాను. చుట్టుకొలతలోంచి మడత మందాన్ని 3.14తో గుణించి తీసేస్తే, రెండూ సెంటీమీటర్లలోనే సుమా, కండ చుట్టుకొలత వస్తుంది. 26 సెంటీమీటర్ల జబ్బ, 1.2 సెంటీమీటర్ల మడత అయితే 22.2. నెలనెలా అది తగ్గుతుంటే తిండి చాలడం లేదని అనుమానించాలి, బరువు ఏమన్నా సరే.

కొలవకూడని సందర్భాలూ ఉన్నాయి. తిండి విషయంలో మానసిక సమస్య ఉన్నవాళ్లకు కొవ్వు శాతం చెప్పడం నిప్పులో నెయ్యి పోయడమే. అవసరమైతే అంకె చూపించకుండా తూస్తాను. ఎదిగే పిల్లలకు పెద్దవాళ్ల శాతాలు అంటగట్టొద్దు, వాళ్లకు ఎదుగుదల చార్టులున్నాయి.

ఎంత మారితే మారినట్టు? ఇది చాలామంది అడగని ప్రశ్న, అడగాల్సింది ఇదే. 70 కిలోలు, 30 శాతంతో మొదలైన మనిషి మూడు నెలలకు 64 కిలోలు, 26.5 శాతానికి వచ్చాడు. కొవ్వు 21 నుంచి 17 కిలోలు, మిగతాది 49 నుంచి 47. నాలుగు కిలోలు కొవ్వు, రెండు కిలోలు లీన్ పోయాయని రిపోర్టు రాస్తాం. మెషీన్‌కి మూడు శాతం అటూ ఇటూ ఊగే అలవాటుంటే 64 కిలోల మీద అది దాదాపు రెండు కిలోలు. అంటే ఆ రెండు కిలోల లీన్ నష్టం అసలు జరిగిందో లేదో చెప్పలేం.

మీ చేతి ఊగిసలాట ఎంతో మీరే కొలుచుకోవచ్చు. ఓ ఇరవై మందిని ఒకే పూట రెండేసిసార్లు కొలవండి. ఒక్కొక్కరి రెండు కొలతల తేడాను వర్గం చేసి, అన్నీ కూడి, మనుషుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీయండి. దాన్ని 2.77తో గుణించండి. ఆ అంకె కంటే ఎక్కువ మారితేనే మార్పు కింద లెక్క. మడతల మొత్తానికి మీకు 6 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, 4 తగ్గినవాళ్లకి "తగ్గారు" అని చెప్పకండి, "ఇంకోసారి చూద్దాం" అనండి. ఈ కారణంగానే నేను శరీర కూర్పును 8 నుంచి 12 వారాలకోసారి తప్ప చూడను. బరువు వారానికోసారి, నడుము నెలకోసారి చాలు.

చివరగా మీ కేసు. 27 శాతం నిజమైతే ఆవిడలో కొవ్వు కాని భాగం 49.6 కిలోలు, 36 నిజమైతే 43.5. కనింగ్‌హామ్ 1980 సమీకరణంలో, అంటే 500కి ఆ కిలోలను 22తో గుణించి కలిపితే, విశ్రాంతి శక్తి ఖర్చు ఒకదానికి సుమారు 1592, ఇంకోదానికి 1457 కేలరీలు. తేడా 135. ఆవిడ తిన్నది గుర్తుచేసుకుని చెప్పడంలోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. అంటే ఏ మెషీన్ నిజమన్నది తేలకపోయినా మీ ప్లాన్ పెద్దగా మారదు. మొదటి కొన్ని వారాల్లో బరువు, నడుము ఎలా కదిలాయో చూసి కేలరీలు సర్దుకుంటారు.

ఆవిడతో ఇలా అనండి: "డెక్సాలో వచ్చిన 36ను మన మొదటి గుర్తుగా పెట్టుకుందాం. మళ్లీ చేయిస్తే అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద, ఆరు నెలల తర్వాత. ఈలోగా మనం చూసేది నడుము, మడతల మొత్తం, పిడికిలి పట్టు." ఇంటి మెషీన్‌ని పారేయమనక్కర్లేదు, ఉదయం లేచి మూత్రానికి వెళ్లొచ్చాక బరువు మాత్రం చూసుకోమనండి, శాతం కనిపించే స్క్రీను వచ్చేలోపు దిగిపోమనండి. జిమ్ ప్రింటవుట్ తెస్తే తేదీ వేసి ఫైల్లో పెట్టండి, లెక్కలోకి తీసుకోకండి.

ఆవిడ ఎత్తు, నడుము, వయసు, ఈమధ్య బరువు ఎలా మారింది, ఏ మందులు వాడుతున్నారు అన్నవి మీరు రాయలేదు. స్టెరాయిడ్లు గానీ, నీరు తీసే మాత్రలు గానీ ఉంటే బీఐఏ మీద నేను చెప్పినదాంట్లో కొంత మారుతుంది. అవి రాయండి, అప్పుడు లక్ష్యం ఎంత పెట్టాలో చూద్దాం.